ఏ డేటాకు ఏ డిస్ట్రిబ్యూషన్? బైనామియల్ నుంచి గంబెల్ దాకా ఎంపిక

డేటాకు ఏ డిస్ట్రిబ్యూషన్ (ఏ విలువ ఎంత తరచుగా వస్తుందో చెప్పే గణిత నమూనా) వాడాలన్న చిక్కు పరీక్ష పేపర్లో రాదు. "కాల్స్ పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్‌ను పాటిస్తాయి" అని ప్రశ్నలోనే చెప్పేస్తారు. ఫార్ములాలో అంకెలు వేసి నాలుగు దశాంశాల దాకా లాగితే మార్కులు పడతాయి. ఇబ్బంది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో మొదలవుతుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర బళ్లు లెక్కపెట్టి తెచ్చిన షీటు, ఆటోనగర్ షెడ్డులో రాసుకొచ్చిన బేరింగుల గంటలు, సైటు నుంచి వచ్చిన కాంక్రీటు క్యూబ్ టెస్టు ఫలితాలు చేతిలో ఉంటాయి. వాటి మీద ఏ డిస్ట్రిబ్యూషన్ పేరూ రాసి ఉండదు.

అప్పుడు చాలామంది హిస్టోగ్రామ్ గీసి, ఆకారం చూసి పేరు పెట్టేస్తారు. మధ్యలో ఎత్తుగా ఉంటే నార్మల్, కుడివైపు సాగితే ఎక్స్‌పొనెన్షియల్. ముప్పై రీడింగుల హిస్టోగ్రామ్‌కు బిన్ (ఒక్కో పట్టీ) వెడల్పు మార్చి చూడండి, ఆకారమే మారిపోతుంది. దాన్ని నమ్ముకోవడానికి లేదు. ముందు అడగాల్సింది ఆ అంకె ఎలా పుట్టిందని. లెక్కపెడితే వచ్చిందా, కొలిస్తే వచ్చిందా? ఎన్ని ప్రయత్నాలో ముందే తెలుసా, ఎంతసేపు చూశామో మాత్రమే తెలుసా? చిన్న చిన్న కారణాలు ఒకదానికొకటి కలిసి వచ్చిందా, గుణించుకుంటూ వచ్చిందా, చాలావాటిలో పెద్దదాన్ని ఏరితే వచ్చిందా? వీటికి జవాబు దొరికితే సగం పైగా పని అయిపోయినట్టే.

తప్పు డిస్ట్రిబ్యూషన్ ఎంచుకున్నా సగటు దగ్గర పెద్దగా తెలియదు, తోకలో, అంటే సగటుకు దూరంగా ఉండే అరుదైన విలువల దగ్గర, బయటపడుతుంది. ఇంజనీరుకు పనిపడేది ఎక్కువగా ఆ తోకతోనే: వందేళ్ల వరద, వందలో ఐదు బలహీనమైన క్యూబులు, మొదటి వెయ్యి గంటల్లోనే పోయే బేరింగ్. అందుకే కింద ప్రతి పోలికలోనూ తోకలో ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూపించాం.

లెక్కపెట్టినవి: బైనామియల్, హైపర్‌జామెట్రిక్, పాయిజాన్

బైనామియల్‌కు నాలుగు షరతులు. ప్రయత్నాల సంఖ్య ముందే ఖాయం కావాలి, ప్రతి ప్రయత్నానికీ రెండే ఫలితాలు ఉండాలి, సంభావ్యత ప్రతిసారీ ఒకటే ఉండాలి, ఒకదాని ఫలితం ఇంకోదాన్ని కదపకూడదు. మొదటి రెండూ అందరూ చూస్తారు. దెబ్బ తినేది తర్వాతి రెండింటి దగ్గర.

50 బేరింగుల పెట్టెలో 5 చెడ్డవి ఉన్నాయనుకోండి. 10 తీసి పరీక్షిస్తారు, తీసినవాటిని మళ్లీ పెట్టెలో వేయరు. పదీ మంచివే రావడానికి బైనామియల్ ప్రకారం సంభావ్యత 0.9కి పదో ఘాతం, అంటే 0.349. కానీ ఒక్కో బేరింగ్ బయటికి వచ్చేకొద్దీ పెట్టెలో మంచి, చెడుల పాళ్లు మారుతున్నాయి. ఇక్కడ సరైనది హైపర్‌జామెట్రిక్, అది ఇచ్చే జవాబు 0.311. అంటే చెడ్డ పెట్టె పాసైపోయే అవకాశాన్ని బైనామియల్ ఎక్కువ చేసి చూపించింది. తీసిన శాంపిల్ లాటులో పదోవంతు దాటకపోతే బైనామియల్‌తో సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ ఐదోవంతు తీశారు. అదే 5000 బేరింగుల లాటులోంచి 10 తీస్తే రెండు జవాబుల మధ్య తేడా వెతికినా దొరకదు.

బైనామియలా, పాయిజానా అన్న సందేహానికి ఒక తేలిక పరీక్ష ఉంది: జరగనివాటిని లెక్కపెట్టగలమా? వంద వెల్డ్ జాయింట్లలో 3 పోతే 97 బాగున్నాయని చెప్పగలం, అది బైనామియల్. ఒక కిలోమీటరు రోడ్డులో 7 గుంతలు ఉన్నాయి, మరి పడని గుంతలు ఎన్ని? ఆ ప్రశ్నకు జవాబు లేదు. గంటలో రాని కాల్స్ ఎన్నన్నా అంతే. సమయం, పొడవు, విస్తీర్ణం లాంటి ఒక నిడివిలో ఘటనలు చెల్లాచెదురుగా పడుతుంటే పాయిజాన్ వైపు చూడాలి. లాంబ్డా, అంటే ఒక నిడివిలో సగటున పడే ఘటనల సంఖ్య, ఎప్పుడూ అడిగిన నిడివికే ఉండాలి. గంటకు 12 వచ్చే చోట ఐదు నిమిషాల ప్రశ్నకు లాంబ్డా 1. ఇంటర్నల్స్‌లో మార్కులు ఎక్కువగా పోయేది ఈ ఒక్క అడుగులోనే.

ప్రయత్నాలు చాలా ఉండి సంభావ్యత చాలా తక్కువైతే బైనామియల్‌కు బదులు పాయిజాన్ వాడొచ్చని చదువుకున్నదే. ఎంత దగ్గరగా వస్తుందో చూడండి: 200 ముక్కలు, ఒక్కోటి చెడిపోయే అవకాశం 1 శాతం. ఐదు లేదా అంతకన్నా ఎక్కువ చెడ్డవి రావడానికి బైనామియల్ 5.17 శాతం, పాయిజాన్ 5.27 శాతం. ఇది క్యాలిక్యులేటర్లు లేని కాలపు సౌకర్యం. ఇప్పుడు ఎక్సెల్ ఉండగా అసలు బైనామియలే వేయండి. నార్మల్ ఉజ్జాయింపుదీ అదే కథ. పరీక్షలో అది తప్పదు కాబట్టి అర తేడా సవరణ మాత్రం మర్చిపోవద్దు. నాణెం వందసార్లు వేస్తే 60 లేదా ఎక్కువ బొమ్మలు పడటానికి అసలు జవాబు 0.0284. 59.5 పెట్టి చేస్తే 0.0287, 60 పెట్టి చేస్తే 0.0228.

పాయిజాన్ చెడిపోయే చోటు: సగటు, వేరియన్స్

వేరియన్స్ అంటే విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె, దాని వర్గమూలమే స్టాండర్డ్ డీవియేషన్. పాయిజాన్‌లో సగటు, వేరియన్స్ రెండూ ఒకటే. ఇది బట్టీ పట్టే బిట్టుగా మిగిలిపోతోంది కానీ డేటాను పరీక్షించడానికి ఇంతకన్నా చవకైన సాధనం లేదు. ప్రష్యన్ సైన్యంలో గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల లెక్కను బోర్ట్‌కీవిచ్ 1898లో ప్రచురించాడు. 10 దళాలు, 20 ఏళ్లు, మొత్తం 200 గడులు, 122 మరణాలు. సగటు 0.61, వేరియన్స్ కూడా దాదాపు అంతే. ఒక్క మరణమూ లేని గడులు 109. పాయిజాన్ ప్రకారం 108.7 ఉండాలి. ఒక దళంలో ఒక గుర్రం తన్నడానికీ, ఇంకో దళంలో ఇంకో గుర్రం తన్నడానికీ ఏ సంబంధమూ లేదు కాబట్టే అంత చక్కగా కుదిరింది.

ఊళ్లో ట్రాఫిక్ అలా ఉండదు. బెంజ్ సర్కిల్ లాంటి కూడలికి వచ్చే బళ్లు ఒంటరిగా రావు. వెనక సిగ్నల్ పచ్చ పడగానే గుంపుగా బయల్దేరి గుంపుగానే చేరతాయి, మధ్యలో రోడ్డు ఖాళీ. 30 సెకన్ల చొప్పున 60 గడులు లెక్కపెట్టారనుకుందాం. లెక్క తేలికగా ఉండేందుకు సగటు 6, వేరియన్స్ 14 అని వేసుకుందాం. వేరియన్స్‌ను సగటుతో భాగిస్తే 2.33. ఇది నిజమైన తేడానా, యాదృచ్ఛికంగా వచ్చిందా తేల్చడానికి 59ని (గడుల సంఖ్యకు ఒకటి తక్కువ) 14తో గుణించి 6తో భాగించండి: 137.7. కై స్క్వేర్ పట్టికలో 59 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కు 5 శాతం హద్దు 77.9. కాబట్టి పాయిజాన్ పక్కన పెట్టాల్సిందే.

దాని స్థానంలోకి నెగటివ్ బైనామియల్ వస్తుంది. అందులో వేరియన్స్ అంటే సగటుకు, సగటు వర్గాన్ని 'కె' అనే అంకెతో భాగించగా వచ్చింది కలపడం. 14 రావాలంటే 36ని కెతో భాగిస్తే 8 కావాలి, కాబట్టి కె 4.5. ఇప్పుడు తోక చూద్దాం. ఒక గడిలో 15 లేదా అంతకుమించి బళ్లు రావడానికి పాయిజాన్ ఇచ్చేది 0.14 శాతం, నెగటివ్ బైనామియల్ ఇచ్చేది 2.9 శాతం. గంటకు 120 గడులు కాబట్టి మొదటి లెక్కలో అది ఆరు గంటలకు ఒకసారి, రెండో లెక్కలో గంటకు మూడు నాలుగు సార్లు. మలుపు దగ్గర బళ్లు ఆగే లేన్ పొడవును పాయిజాన్ నమ్మి డిజైన్ చేస్తే గంటగంటకూ అది నిండి పక్క లేన్‌లోకి పొంగుతుంది, సగటు మాత్రం కాగితం మీద సరిగ్గానే కనిపిస్తుంది.

వేరియన్స్ సగటు కన్నా బాగా తక్కువ వచ్చినా ఏదో ఉన్నట్టే. బళ్లు క్రమమైన ఎడంతో వస్తున్నాయని అర్థం: టోల్ బూత్ దాటిన వెంటనే లెక్కపెట్టి ఉంటారు, లేదా రోడ్డు కిక్కిరిసి బండి వెనక బండి కదులుతోంది. ఉదయం రద్దీ, మధ్యాహ్నం ఖాళీ కలిపి ఒకే షీటులో వేసినా వేరియన్స్ పెరుగుతుంది. అప్పుడు తప్పు డిస్ట్రిబ్యూషన్‌ది కాదు, రెండు వేర్వేరు లాంబ్డాలను ఒకే గంపలో వేయడానిది. ముందు గంటలవారీగా విడగొట్టి చూసి, అప్పుడూ వేరియన్స్ ఎక్కువే ఉంటే నెగటివ్ బైనామియల్‌కు వెళ్లండి.

ఎంతకాలం పనిచేస్తుంది: ఎక్స్‌పొనెన్షియలా, వైబుల్లా

ఘటనలు పాయిజాన్‌గా వస్తుంటే వాటి మధ్య ఎడం ఎక్స్‌పొనెన్షియల్ అవుతుంది. అక్కడివరకు బాగుంది. చిక్కల్లా యంత్రభాగాల ఆయువుకు కూడా కళ్లు మూసుకుని దాన్నే వేయడంలో ఉంది. ఎక్స్‌పొనెన్షియల్‌కు జ్ఞాపకం లేదు. 8000 గంటలు నడిచిన బేరింగూ, నిన్న బిగించిన బేరింగూ దానికి సమానమే. ఫ్యూజు మీద పిడుగు పడటం, మేకు గుచ్చుకుని టైరు పంక్చర్ కావడం లాంటి బయటి దెబ్బలకు ఇది నప్పుతుంది. అరిగేవాటికి, తుప్పు పట్టేవాటికి, ఫటీగ్‌తో పగిలేవాటికి నప్పదు.

స్వీడన్ ఇంజనీరు వలోడీ వైబుల్ పేరిట వచ్చిన డిస్ట్రిబ్యూషన్‌లో షేప్ పరామితి బీటా ఈ తేడానే చెబుతుంది. బీటా 1 కన్నా తక్కువైతే మొదట్లోనే ఎక్కువగా పోతున్నాయి: తయారీ లోపమో, బిగింపు లోపమో ఉంది. సరిగ్గా 1 అయితే అది ఎక్స్‌పొనెన్షియలే. 1 దాటితే అరుగుదల. స్కేల్ పరామితి ఈటా అంటే 63.2 శాతం భాగాలు పోయే సమయం, సగటు ఆయువు కాదు. ఈ రెంటినీ కలగలిపేసి వైవాలో దొరికిపోయేవాళ్లు ఎక్కువ.

బీటా 2, ఈటా 10,000 గంటలు తీసుకుందాం. సగటు ఆయువు 8862 గంటలు. అదే సగటుతో ఎక్స్‌పొనెన్షియల్ పక్కన పెట్టి పోల్చండి. మొదటి 1000 గంటల్లో పోయేవి వైబుల్ ప్రకారం 1 శాతం, ఎక్స్‌పొనెన్షియల్ ప్రకారం 10.7 శాతం. 8000 గంటలు నడిచినదాన్ని తీసుకుంటే, తర్వాతి 1000 గంటల్లో పోయే అవకాశం వైబుల్‌లో 15.6 శాతానికి పెరుగుతుంది, ఎక్స్‌పొనెన్షియల్‌లో అదే 10.7 దగ్గర ఉండిపోతుంది. మొదటి తప్పు వారంటీ ఖర్చును పదింతలు చేసి చూపిస్తుంది. రెండోదాంతో ప్రివెంటివ్ మెయింటెనెన్స్‌కు అర్థమే పోతుంది, ఎందుకంటే జ్ఞాపకం లేని భాగాన్ని ముందుగా మార్చినా లాభం లేదు. బేరింగ్ కేటలాగుల్లో కనిపించే ఎల్10 ఆయువు, అంటే పదిశాతం పోయే సమయం, ఈ ఉదాహరణలో 3246 గంటలు.

బీటా కనుక్కోవడానికి గ్రాఫ్ కాగితం చాలు. పోయిన సమయాలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాయండి. వరసలో అంకె లోంచి 0.3 తీసేసి, మొత్తం సంఖ్యకు 0.4 కలిపి దానితో భాగిస్తే ఎంత భాగం పోయిందో అంచనా వస్తుంది. ఒకటిలోంచి దాన్ని తీసేసి, లాగ్ తీసి, గుర్తు మార్చి, మళ్లీ లాగ్ తీయండి. దీన్ని సమయం లాగ్‌కు ఎదురుగా గీస్తే సరళరేఖ రావాలి, దాని వాలే బీటా. రేఖ మధ్యలో మోకాలిలా వంగితే రెండు రకాల వైఫల్యాలు కలిసిపోయాయి. లూబ్రికేషన్ లేక కాలిపోయినవాటిని, ఫటీగ్‌తో పగిలినవాటిని వేరుచేసి రెండు గ్రాఫులు గీయండి.

మెయింటెనెన్స్ లాగ్ నుంచి డేటా తెచ్చేవాళ్లు తరచూ చేసే పెద్ద పొరపాటు ఇంకోటి ఉంది: ఇంకా నడుస్తున్న భాగాలను లెక్కలోంచి తీసేయడం. 20 బేరింగుల్లో 12 పోయాయి, వాటి గంటలన్నీ కలిపి 60,000. మిగిలిన 8 ఒక్కోటి 9000 గంటలు దాటి ఇంకా తిరుగుతున్నాయి. 60,000ను 12తో భాగిస్తే సగటు 5000 గంటలు. ఇది తప్పు, గట్టివాటినే పక్కన పెట్టేశారు. ఎక్స్‌పొనెన్షియల్ అనుకున్నా మొత్తం నడిచిన గంటలు 1,32,000ను పోయిన 12తో భాగించాలి: 11,000. రెండింతలకు పైగా తేడా. వైబుల్‌కైనా సాఫ్ట్‌వేర్లో వీటిని సెన్సార్డ్ అని గుర్తుపెట్టి ఇవ్వాలి, వదిలేయకూడదు.

మూడు నాలుగు దశలు వరసగా పూర్తయ్యే పనికి, ప్రతి దశా ఒకే సగటున్న ఎక్స్‌పొనెన్షియల్ అయితే, గామా సరిపోతుంది. దశల సంఖ్య పూర్ణాంకమైతే దాన్నే ఎర్లాంగ్ అంటారు. క్యూలకు తప్ప బీటెక్ ప్రాజెక్టులో దాని అవసరం తక్కువ.

నార్మల్‌కు హద్దు ఎక్కడ

చాలా చిన్న కారణాలు కూడుకుంటే నార్మల్. కాంక్రీటు బలం దీనికి మంచి ఉదాహరణ, కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 కూడా అదే నమ్మకం మీద నడుస్తుంది. క్యారెక్టరిస్టిక్ బలం కన్నా తక్కువ వచ్చేవి 5 శాతానికి మించకూడదంటుంది, అందుకే 1.65 అన్న గుణకం. ఎం25కు (క్యారెక్టరిస్టిక్ బలం 25 మెగాపాస్కల్స్) స్టాండర్డ్ డీవియేషన్ 4 అని తీసుకుంటే మిక్స్ డిజైన్ లక్ష్యం 25కు 6.6 కలిపి 31.6. ఆ 4 అనేది డేటా లేనప్పుడు పుస్తకం ఇచ్చిన అంకె మాత్రమే. సైటులో క్వాలిటీ సడలి అసలు డీవియేషన్ 5.5 ఉంటే 25 కన్నా తక్కువ వచ్చేవి 11.5 శాతానికి చేరతాయి, సగటు 31.6 దగ్గరే కదలకుండా ఉన్నా సరే. మే నెల ఎండలో పని జారుగా సాగాలని ట్రక్కులో నీళ్లు కలిపిన రోజుల క్యూబులు, కలపని రోజుల క్యూబులు కలిపేస్తే రెండు గుట్టలున్న హిస్టోగ్రామ్ వస్తుంది. దానికి ఏ డిస్ట్రిబ్యూషనూ అతకదు, విడదీయాల్సిందే.

కూడికలో ఒక ఉచ్చు ఉంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల తూకం తీసుకోండి: సగటు 42 కిలోలు, డీవియేషన్ 0.8 కిలో అనుకుందాం. 25 టిక్కీల మొత్తానికి సగటు 1050. డీవియేషన్ మాత్రం 20 కాదు, 4. కూడేది వేరియన్స్‌లను. అయితే అది టిక్కీలు ఒకదానికొకటి సంబంధం లేనప్పుడు. అన్నీ ఒకే కాటా మీద తూచి ఆ కాటా 0.3 కిలో ఎక్కువ చూపిస్తుంటే, 25 టిక్కీలకు 7.5 కిలోల తప్పు మొత్తంగా వచ్చిపడుతుంది, వర్గమూలం దాన్ని తగ్గించదు.

కారణాలు కూడుకోకుండా గుణించుకుంటే లాగ్‌నార్మల్. నేల గుండా నీరు జారే వేగం, కంకర రేణువుల సైజు, రిపేరుకు పట్టే సమయం ఈ కోవలోవి. గుర్తుపట్టడం తేలిక: విలువలు సున్నా కిందికి పోలేవు, కుడివైపు సాగుతాయి, డీవియేషన్ సగటులో సగం దాటుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం లాంటి చోట పంపుల రిపేరు సమయాలను ఊహించండి. మీడియన్ 2 గంటలు, లాగ్ విలువల డీవియేషన్ 0.8 అనుకుంటే సగటు 2.75, డీవియేషన్ 2.61 గంటలు. అవే సగటు, డీవియేషన్లతో నార్మల్ వేస్తే 14.5 శాతం రిపేర్లు సున్నా కన్నా తక్కువ సమయంలో, అంటే మొదలుపెట్టకముందే, పూర్తయిపోతాయి! అటు తోకలో 12 గంటలు దాటే రిపేర్లు నార్మల్‌కు 0.02 శాతం, లాగ్‌నార్మల్‌కు 1.26 శాతం. స్పేర్ పంపు కొనాలా వద్దా అన్న నిర్ణయం ఆ అరవై రెట్ల తేడా మీద ఆధారపడి ఉంటుంది.

లాగ్‌నార్మలా, వైబుల్లా అన్నది ముప్పై రీడింగులతో తేలదు. రెండు రేఖలూ మధ్యలో కలిసిపోతాయి. అలాంటప్పుడు ఆయువుకు వైబుల్, రిపేరు సమయానికి లాగ్‌నార్మల్ అని వైఫల్యం పుట్టే తీరును బట్టి ఎంచుకుని, ఆ మాటే రిపోర్టులో రాయడం మంచిది.

కృష్ణ వరద: పెద్దది ఏరితే ఏమవుతుంది

ఏడాదిలో 365 రోజుల ప్రవాహాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని ఏరి, అలా యాభై ఏళ్లవి పోగేస్తే ఆ యాభై అంకెలు నార్మల్ కావు. గరిష్ఠాలకు గంబెల్ వాడతారు. ప్రకాశం బ్యారేజీ విద్యార్థులకు కళ్లెదుటి ఉదాహరణ. 2024 సెప్టెంబరు మొదట్లో అక్కడ 11.43 లక్షల క్యూసెక్కుల వరద దాటింది.

సగటు వార్షిక గరిష్ఠం 4 లక్షలు, డీవియేషన్ 2 లక్షల క్యూసెక్కులు అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్నవే, బ్యారేజీ రికార్డు కాదు. వందేళ్ల వరదకు నార్మల్ గుణకం (సగటుకు ఎన్ని డీవియేషన్లు కలపాలో చెప్పేది) 2.326, జవాబు 8.65 లక్షలు. గంబెల్ గుణకం 3.137, జవాబు 10.27 లక్షలు. అది కూడా రికార్డు అనంతంగా ఉంటేనే. 50 ఏళ్ల రికార్డుకు పట్టికలో తగ్గించిన సగటు (రెడ్యూస్డ్ మీన్) 0.5485, తగ్గించిన డీవియేషన్ 1.1607. వాటితో గుణకం 3.49, జవాబు 10.98 లక్షలు. హైడ్రాలజీ పుస్తకంలో ఆ పట్టిక ఉన్నది ఇందుకే. దాన్ని వదిలేసి 3.137 వేసేవాళ్లు ఇక్కడ 70 వేల క్యూసెక్కులు పోగొట్టుకుంటారు.

వందేళ్ల వరద అంటే వందేళ్లకొకసారి వస్తుందని కాదు. 50 ఏళ్ల ఆయువున్న కట్టడం దాన్ని కనీసం ఒక్కసారైనా చూసే అవకాశం, 1 లోంచి 0.99కి యాభయ్యో ఘాతం తీసేస్తే, 39.5 శాతం. ఇది మళ్లీ బైనామియలే.

కృష్ణ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఎగువన నాగార్జునసాగర్, శ్రీశైలం కట్టక ముందు రికార్డునూ, తర్వాతి రికార్డునూ ఒకే వరసలో వేయకూడదు. గేట్లు తెరవడం మనుషుల నిర్ణయం, వాన పడ్డట్టు కాదు. ఉపనది మున్నేరు మాత్రం పులిచింతల ప్రాజెక్టు దిగువన కలుస్తుంది కాబట్టి ఆ వాటా మీద ఆ ప్రాజెక్టుల అదుపు లేదు. ఏ ఏళ్ల డేటా, ఎందుకు అన్నది రిపోర్టులో మొదటి పేరాలోనే ఉండాలి.

త్వరగా తేలిపోయేవి

డయల్ గేజ్‌లో లీస్ట్ కౌంట్ 0.01 మిల్లీమీటరు అయితే గుండ్రం చేసిన తప్పు యూనిఫామ్. దాని డీవియేషన్ 0.01ని 12 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 0.0029. బస్సులు కచ్చితంగా 12 నిమిషాలకొకటి వస్తే ఎప్పుడో స్టాండుకు చేరినవాడు సగటున 6 నిమిషాలు ఆగుతాడు. అవే బస్సులు సగటున 12 నిమిషాల ఎడంతో పాయిజాన్‌గా వస్తే 12 నిమిషాలు ఆగాలి. నమ్మబుద్ధి కాదు కానీ పెద్ద ఎడంలోనే మనం చేరే అవకాశం ఎక్కువ కాబట్టి అంతే.

మొదటి విజయం దాకా ఎన్ని ప్రయత్నాలు అంటే జామెట్రిక్. తేమ శాతం, పని పూర్తయిన భాగం లాంటి సున్నాకూ ఒకటికీ మధ్య ఉండేవాటికి బీటా డిస్ట్రిబ్యూషన్, ప్రాజెక్టు షెడ్యూలు వేసే పెర్ట్ చార్టులో కనిపించేదీ అదే.

టి, కై స్క్వేర్, ఎఫ్ లను ఈ వరసలో కలపొద్దు. డేటాకు వాటిని అతికించరు, డేటా నుంచి లెక్కించిన అంకెలకు అవి వర్తిస్తాయి. "మా డేటా టి డిస్ట్రిబ్యూషన్" అని రికార్డులో రాస్తే ఎగ్జామినర్ అక్కడే పెన్ను ఆపుతాడు. ఐదు రీడింగులే ఉండి డీవియేషన్ కూడా వాటి నుంచే తీస్తే, సగటుకు 95 శాతం కాన్ఫిడెన్స్ హద్దులు వేయడానికి 1.96 బదులు 2.776 వాడాలి, టి ఉపయోగం అక్కడ.

సరిచూడటం, సాఫ్ట్‌వేర్ ఉచ్చులు

కై స్క్వేర్ పరీక్షలో ప్రతి గడిలో ఊహించిన సంఖ్య 5కు తగ్గితే పక్క గడిలో కలపండి. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అంటే గడుల సంఖ్యలోంచి ఒకటి, డేటా నుంచి అంచనా వేసిన పరామితులు ఎన్నో అన్నీ తీసేయాలి. పాయిజాన్‌కు లాంబ్డా ఒకటి, నార్మల్‌కు రెండు. కోల్మగొరోవ్ స్మిర్నోవ్ పరీక్షకు సగటు, డీవియేషన్ అదే డేటా నుంచి తీసి ఇస్తే దాదాపు ఏదైనా పాసైపోతుంది. నార్మల్ అయితే లిలీఫోర్స్ సవరణ గానీ, ఆండర్సన్ డార్లింగ్ గానీ వాడండి. రెండోది తోకలకు ఎక్కువ బరువు ఇస్తుంది కాబట్టి ఇంజనీరింగ్‌కు అదే మేలు. ఏ పరీక్ష చేసినా పక్కన క్యూ క్యూ ప్లాట్ (డేటా విలువలను డిస్ట్రిబ్యూషన్ ప్రకారం రావాల్సిన విలువలకు ఎదురుగా గీసే గ్రాఫ్) ఉండాలి. చివరి నాలుగైదు చుక్కలు రేఖ నుంచి ఎటు వంగాయో ఏ ఒక్క అంకే చెప్పదు.

పరామితులు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. పుస్తకంలో నార్మల్ పక్కన రాసేది వేరియన్స్, ఎక్సెల్‌కూ, పైథాన్ లైబ్రరీ సైపైకీ ఇవ్వాల్సింది డీవియేషన్. ఎక్స్‌పొనెన్షియల్‌కు ఎక్సెల్ లాంబ్డా అడుగుతుంది, సైపై స్కేల్ అడుగుతుంది, అది ఒకటిని లాంబ్డాతో భాగించినది. జామెట్రిక్‌ను సైపై ప్రయత్నాల లెక్కన 1 నుంచి మొదలుపెడుతుంది, ఆర్ భాష వైఫల్యాల లెక్కన సున్నా నుంచి. సైపై లాగ్‌నార్మల్‌లో స్కేల్ అంటే లాగ్‌ల సగటు కాదు, ఆ సగటును ఘాతంగా వేసిన విలువ, అంటే మీడియన్.

సైపైలో ఫిట్ చేసేటప్పుడు లొకేషన్‌ను సున్నా దగ్గర బిగించకపోతే అది మూడో పరామితిగా తనంతట తానే కదులుతుంది. బేరింగ్ ఆయువుకు వైబుల్ వేస్తే లొకేషన్ మైనస్ 3000 గంటలని, బీటా 6 అని వింత అంకెలు వస్తాయి, గ్రాఫ్ మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. ఫిట్ అయ్యాక మూడు పరామితులనూ ప్రింట్ చేసి చూడండి. లొకేషన్ సున్నా కాకపోతే బిగించి మళ్లీ నడపండి, బీటా ఎంత మారిందో రెండు అంకెలూ పక్కపక్కన రాయండి.